బొమ్మల కింద అక్షరాలు

మా అక్కకు పుట్టుకతోనే వినపడదు. మా ఇంట్లో ఆమె అందరికంటే ఎక్కువగా చూసిన సైగ ఒకటుంది. అరచెయ్యి ముందుకు చాపి రెండుసార్లు ఊపితే, తర్వాత చెప్తా అని అర్థం. చుట్టాలొచ్చి ఏదో అనుకుని పడీపడీ నవ్వుతుంటే, అక్క నా మోచెయ్యి తట్టి ఏమన్నారని అడిగేది. నేను చెయ్యి ఊపేదాన్ని. వాళ్లు వెళ్లిపోయాక మళ్లీ అడిగితే, ఏం లేదు, ఊరికే నవ్వినం అని పలక మీద రాసేదాన్ని. గంటసేపటి ముచ్చట అక్క దగ్గరికొచ్చేసరికి నాలుగు మాటలయ్యేది. అందులో ఉప్పూ ఉండేది కాదు, కారమూ ఉండేది కాదు.

అక్క దానికి ఏడ్చేది కాదు. కోపం తెచ్చుకునేది. మా ఇంట్లో కోపాలకు కొదవలేదు, నాకైతే ముక్కు మీదే ఉంటుంది, కానీ అక్క కోపం వేరు. పలక బోర్లా పెట్టేసి కుట్టుమిషన్ దగ్గర కూర్చునేది. ఇక ఆ పూటకు ఆమె కళ్లు ఎవరి వైపూ తిరిగేవి కావు. వినపడని మనిషి చూడటం కూడా మానేస్తే మనం ఇంట్లో లేనట్టే లెక్క. అన్నప్పుడే, అన్నది అన్నట్టు తనకు తెలియాలి, ఆమె అడిగింది అంతే. అంతే అంటున్నాను గానీ, ముప్పై ఏళ్లు దగ్గరపడుతున్నా ఆమెకు అది దొరకలేదు.

మేము బోధన్‌లో, షక్కర్‌నగర్ వైపు ఉండేవాళ్లం. మా నాన్న, మేము బాపు అని పిలిచేవాళ్లం, చక్కెర ఫ్యాక్టరీ ఆఫీసులో టైపిస్టుగా చేసి, ముందుగానే రిటైరై ఇంట్లో కూర్చున్నాడు. అమ్మ నా ఐదో ఏట పోయింది. అప్పటికి అక్క హైదరాబాదులో చెవిటిపిల్లల బడిలో ఏడో తరగతి చదువుతోంది. అక్కడే చదవడం, రాయడం, పెదవులు చూసి మాట పట్టుకోవడం నేర్చుకుంది. అమ్మ పోయాక ఇంటికొచ్చి, మళ్లీ వెళ్లలేదు. ఆ బడిలో పై తరగతులు లేవని బాపు చెప్పాడు. నాకు జడలు వేసింది, అన్నం పెట్టింది, జ్వరమొస్తే ఒళ్లో పడుకోబెట్టుకుంది అక్కే. నేను పెద్దయ్యి డిగ్రీ చేసి, పాత బస్టాండు దగ్గర ఒక డీటీపీ సెంటర్లో తెలుగు టైపింగులో చేరేనాటికి అక్క మా వాడలో సగం మందికి జాకెట్లు కుట్టేది.

బాపుకు ఇంకో పని ఉండేది, దానికి జీతం లేదు. మా చర్చికి బయటి నుంచి ఇంగ్లిషు ప్రసంగీకులు వస్తే, వాళ్ల పక్కన నిలబడి ఒక్కో వాక్యం తెలుగులో చెప్పేవాడు. తెల్లచొక్కా వేసుకుని, చేతులు ముందు కట్టుకుని, ఆయన ఆగగానే ఈయన అందుకునేవాడు. చుట్టుపక్కల ఆ పనికి బాపును మించినవారు లేరని పేరు. కానీ బాపు పద్ధతి ఒకటుంది. ఒకసారి ఒక దొర, జనం ఆలస్యంగా వస్తున్నారనీ, మాసిన బట్టలతో వస్తున్నారనీ గట్టిగా కోప్పడ్డాడు. ఆ బెంచీల మీద కూర్చున్నవాళ్లు సగం మంది తెల్లవారకముందే చెరుకు కొట్టడానికి వెళ్లి, అటునుంచి అటే వచ్చినవాళ్లు. బాపు ఒక్క క్షణం ఆగి, మీ కష్టం దేవునికి తెలుసునని అయ్యగారు అంటున్నారు అన్నాడు. జనమంతా ఆమెన్ అన్నారు. తన మందలింపు బాగా తగిలిందని దొర సంతోషపడ్డాడు. ఇంటికొచ్చాక నేను పొట్ట పట్టుకుని నవ్వాను. బాపు మాత్రం నవ్వలేదు. మాట మోసుడు అందరు చేస్తరు, మనసు నొవ్వకుంట మొయ్యాలె అన్నాడు. అప్పుడు నాకది చాలా గొప్ప మాట అనిపించింది.

అక్క చర్చిలో ముందు బెంచీలో కూర్చునేది. బాపు పెదవులు ఆమెకు అందరి పెదవులకంటే బాగా అందేవి. అయినా బాపు తల తిప్పినప్పుడల్లా సగం వాక్యం పోయేది.

టీవీ అక్కకు పెద్దగా పనికొచ్చేది కాదు. ఆదివారం మధ్యాహ్నం చెవిటివారికి వార్తలు వచ్చేవి, కానీ ఆ చేతుల భాష ఆమెకు నేర్పిన భాష కాదు. సినిమాల్లో పాటలకు బట్టలు చూసేది, కొట్లాటలకు కొట్లాటలు చూసేది. పిల్లల చానల్లో బొమ్మల సినిమాలు వస్తే కొంచెంసేపు కూర్చుని లేచిపోయేది. వాటికి పెదవులు లేవు, నోరు ఊరికే తెరుచుకుంటది, మూసుకుంటది, అందులో మాట లేదు అని రాసింది ఒకసారి. నిజమే. నేను చెవులతో చూస్తాను గనక ఆ సంగతి నాకు తట్టలేదు.

డీటీపీ సెంటరుకు కాగితాలూ ఇంకూ తేవడానికి నెలకోసారి నిజామాబాదు వెళ్లేదాన్ని. బస్టాండు ఎదురు సందులో ఒక ఇంటర్నెట్ కేఫ్ ఉండేది. దాన్ని నడిపే అన్న ఉర్దూ, తెలుగు కలిపి మాట్లాడేవాడు. ఆయన తమ్ముడు దుబాయిలో ఉండేవాడు. అన్నకు జపాను బొమ్మల సినిమాల పిచ్చి. వాటిని యానిమే అంటారని నాకు చెప్పింది ఆయనే. చిన్నపిల్లల గంతులు కాదు, మన సీరియళ్లకంటే ఎక్కువ ఏడుపులూ పెళ్లిళ్లూ చావులూ ఉంటాయని ఊరించేవాడు. ఒకరోజు కంప్యూటర్ తిప్పి చూపించాడు. ఒక పిల్ల పడవ నడుపుతూ జపాను భాషలో ఏదో అంటోంది. ఆ పిల్ల నోరు తెరిచిన క్షణానే కింద ఇంగ్లిషు అక్షరాలు వచ్చాయి. మూయగానే పోయాయి.

నేను బొమ్మను చూడలేదు. ఆ అక్షరాల రాకనే చూశాను. ఎవరు రాస్తారివి అని అడిగాను. ఎవరో పిచ్చోళ్లు అన్నాడు అన్న. జపానులో టీవీలో వచ్చినదాన్ని ఎవరో పట్టి పంపుతారట. ఇంకెక్కడో కూర్చున్నవాళ్లు ఇంగ్లిషులోకి మారుస్తారట. మరొకరు ఏ మాట ఏ సెకనులో వచ్చి ఏ సెకనులో పోవాలో చూసుకుంటారట. ఒకరి ముఖం ఒకరు చూసి ఎరగరు, ఎవరికీ నయాపైసా ముట్టదు. అలాంటి జట్లు బోలెడున్నాయన్నాడు. కొందరు అక్షరాలను బొమ్మలోనే కలిపేసేవారు. పడవ పిల్ల కథ చేస్తున్న జట్టు మాత్రం వాటిని విడిగా ఒక చిన్న ఫైలులో ఇచ్చేది. ఆ ఫైలు తెరిస్తే మామూలు అక్షరాలే, పక్కన సమయాలు. ఇంగ్లిషు తీసేసి అక్కడ మా అక్క కోసం తెలుగు పెడితే? అన్న నా వైపు చూసి, పాగల్ అన్నాడు. సీడీలో మాత్రం ఎక్కించి ఇచ్చాడు.

అప్పట్లో కంప్యూటర్లకు తెలుగు సరిగ్గా వచ్చేది కాదు. మా సెంటర్లో శుభలేఖలకు వాడే ఫాంటు ఒకటి నా చేతివేళ్లకు కంఠతా వచ్చు. ఫైలులో ఆ ఫాంటు పేరు రాసి, దాని మీటలతోనే టైపు చేశాను. సెంటరువాళ్లు పక్కన పడేసిన పాత కంప్యూటరు మా ముందుగదిలోకి చేరింది. ఆ విధంగా జపాను సముద్రం మీద పడవ నడిపే పిల్ల, మా బోధన్ పెళ్లిపత్రికల అక్షరాల్లో మాట్లాడటం మొదలుపెట్టింది.

మొదటి ఎపిసోడ్ అక్కకు చూపించిన సాయంత్రం నాకు బాగా గుర్తు. మిషన్ మీద సగం కుట్టిన జాకెట్ అలాగే వదిలేసి వచ్చింది. తెరమీద పడవ రేవు దాటింది. ఒక ముసలాయన, ఎటు పోతున్నవ్ బిడ్డా అన్నాడు. కింద అక్షరాలు వచ్చాయి. పిల్ల, మా అమ్మను ఎతుకుతున్న అన్నది. అదీ వచ్చింది. అక్క ఒకసారి తెరనూ, ఒకసారి నన్నూ చూసింది. ఒక జోకు దగ్గర నేనూ అక్కా ఒకేసారి నవ్వాం. ఆ ఇంట్లో అంతకుముందు అట్లా ఎప్పుడూ జరగలేదు. అక్క నవ్వు ఎప్పుడూ నా నవ్వు వెనక, నన్ను చూసి వచ్చేది. నేను అక్క ముఖమే చూస్తూ ఉన్నాను. అక్క మాత్రం కళ్లు తెర మీంచి తీయకుండా, మాట్లాడకు అన్నట్టు నన్ను చేత్తో కొట్టింది. నేను మాట్లాడనేలేదు.

కథ పెద్ద చిక్కుగా ఏమీ ఉండదు. ఆ పిల్ల తల్లి దూరపు దీవికి పనికి వెళ్లి, కొన్నాళ్లకు ఉత్తరాలు రాయడం మానేసింది. పిల్ల దీవి దీవికీ మనుషులనూ మూటలనూ దాటిస్తూ ఆమె కోసం వెతుకుతుంది. జట్టువాళ్లకు ఒక అలవాటు ఉండేది. జపానువాళ్ల తిండీ ఆచారమూ ఏదైనా వస్తే, తెర పైభాగంలో చిన్న అక్షరాలతో వివరం రాసేవారు. నేనూ రాసేదాన్ని. ఇది సముద్రపు పాచి, కూర వండుకుంటరు. దీవికి పనికి పోవుడంటే మన దుబాయి పోవుడు లెక్క. ఆ పైరాతలంటే అక్కకు ప్రాణం. ఒకరు తన కోసం ఆగి, ఇది నీకు తెలియకపోవచ్చు అని చెప్పడం ఆమెకు కొత్త.

ఇంగ్లిషు నాకు అంతంతమాత్రం. చిక్కుపడ్డచోట బాపును అడిగేదాన్ని. బాపు కళ్లజోడు పెట్టుకుని వచ్చి చర్చి తెలుగులో చెప్పేవాడు. ఓ స్త్రీ, గొప్ప తుపాను సమీపించుచున్నది అనేవాడు. పన్నెండేళ్ల పిల్ల అట్లా మాట్లాడుతుందా అని నేను ఎగిరిపడేదాన్ని. అమ్మో, గాలిదుమారం వస్తున్నది అని మార్చేదాన్ని. ఒకసారి చూసుకోకుండా బాపు చెప్పిందే ఉంచేశాను. పిల్ల చేపల బుట్ట ఎత్తి, నిశ్చయముగా ఇవి తాజావి అన్నది. అక్క ఆ వారమంతా కూరగాయల గంప చూపిస్తూ నాకు అదే రాసి ఇచ్చేది.

పద్నాలుగో ఎపిసోడ్ తర్వాత నేను నిజామాబాదు వెళితే కేఫ్ అన్న మొహం చిన్నబుచ్చుకుని కూర్చున్నాడు. జట్టు తమ పేజీలో ఒక ప్రకటన పెట్టింది. ఈ కథను అమెరికాలో ఒక కంపెనీ కొన్నది, కాబట్టి మేము ఇక్కడితో ఆపేస్తున్నాం, ఇప్పటిదాకా ఇచ్చినవి కూడా ఎవరికీ పంచకండి, వాళ్ల డిస్కులు వచ్చినప్పుడు కొనుక్కోండి అని. అది వాళ్ల కట్టుబాటు అని అన్న చెప్పాడు. కథ తమ దేశానికి రానంతవరకే తాము చేయాలి, హక్కులు కొన్నవాళ్లు వచ్చాక తప్పుకోవాలి. దొంగపనిలో ఇంత మర్యాద ఏమిటని నాకు ఒళ్లు మండింది. అన్న మాత్రం వాళ్లను వెనకేసుకొచ్చాడు. ఆ కంపెనీకి ఈ కథ ఉందని తెలిసిందే వీళ్ల వల్ల, చూసేవాళ్లు ఉన్నారని తెలిసిందే వీళ్ల వల్ల, వీళ్లే వదలకపోతే బొమ్మలు గీసినవాళ్లు ఏం తినాలి అన్నాడు.

ఇంటికొచ్చి ఆ ప్రకటన తెలుగులో రాసి అక్కకు ఇచ్చాను. అక్క రెండుసార్లు చదివింది. తర్వాత నా ముఖం ముందు అరచెయ్యి చాపి రెండుసార్లు ఊపింది. వాళ్లూ అదే అన్నరా అని కళ్లతోనే అడిగింది. పలక బోర్లా పెట్టి మిషన్ దగ్గరికి వెళ్లిపోయింది.

ఆ జట్ల గురించి ఇప్పటికీ నాకు రెండు మనసులే. ఈరోజు జపానులో ఏ బొమ్మల కథ వచ్చినా, కొన్ని గంటల్లోనే కంపెనీలే ఇన్ని భాషల్లో అక్షరాలు పెట్టి చూపిస్తున్నాయి. మనిషి ఎదురుచూడడు, ఎదురుచూడమంటే దొంగదారి వెతుక్కుంటాడు అన్న పాఠం కంపెనీలకు నేర్పింది ఆ పిచ్చోళ్లే. గొంతు మార్చకుండా, కథ కొయ్యకుండా, అసలు మాటను అసలు గొంతులోనే ఉంచి కింద చదువుకుంటామనే జనం ఉన్నారని చూపించిందీ వాళ్లే. ఆ పిచ్చోళ్లలో కొందరు తర్వాత ఆ కంపెనీల్లోనే ఉద్యోగాలకు చేరారని విన్నాను. మంచిదే. అప్పట్లో మాత్రం, కథ చూసే హక్కున్నవాడంటే అమెరికాలో డిస్కు కొనుక్కునేవాడే గానీ బోధన్‌లో జాకెట్లు కుట్టే ఒక మనిషి ఎవరి లెక్కలోకీ రాలేదని నేను రోజూ తిట్టుకునేదాన్ని. కథ బొమ్మలు గీసినవాళ్లదే, నేను కాదనను. కానీ అక్క సగం కథతో రేవులోనే నిలబడి ఉంది.

ఏడాది దాటాక కేఫ్ అన్న తమ్ముడు సెలవు మీద వస్తూ దుబాయి నుంచి ఆ కంపెనీ డిస్కుల పెట్టె తెచ్చాడు. అన్న దాన్ని నా చేతిలో పెట్టి, పహలే ఆపాకు చూపించు, తర్వాత నాకియ్యి అన్నాడు. ఆపా అని పిలిచిన మా అక్కను ఆయన ఎన్నడూ చూడలేదు.

డిస్కు అక్షరాలు వేరే ఫైలులో ఉండవు. చూస్తూ రాసుకుని, సమయాలన్నీ మళ్లీ కట్టాలి. అది సరిగ్గా పెళ్లిళ్ల కాలం. సెంటర్లో శుభలేఖల పని మెడలోతున ఉంది. మిగతా ఎపిసోడ్లు నేను చేస్తనని బాపు ముందుకొచ్చాడు. పగలంతా డిస్కు పెట్టుకుని, ఆపుకుంటూ, కాగితాల మీద తెలుగు రాసేవాడు. పక్కనే మిషన్ మీద అక్క తెరకు వీపు పెట్టి కూర్చునేది. అక్షరాలు లేకుండా ముందే చూస్తే కథ చెడిపోతుందని ఆమె పట్టుదల. సాయంత్రం నేను వచ్చి బాపు కాగితాలు చూసి టైపు చేసి, ఇంగ్లిషు అక్షరాలు ఆపేసి, నిద్రమత్తులో బొమ్మల నోళ్ల కదలిక తప్ప ఇంకేమీ చూడకుండా సమయాలు కట్టేదాన్ని. బాపు చర్చి తెలుగు తగ్గించుకున్నాడు. ఇంకో మంచిపని కూడా చేశాడు. కంపెనీవాళ్లు అక్కా, అన్నా అనే పిలుపులన్నీ తీసేసి అందరినీ పేర్లతో పిలిపించారు. జట్టువాళ్లు వాటిని అలాగే ఉంచేవారు. ఇంటి మనుషులు పేర్లు పెట్టి పిల్చుకుంటరా అని బాపు విసుక్కుని అన్నీ తిరిగి పెట్టాడు.

చివరి ఎపిసోడ్ ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చి అన్నాలు తిన్నాక చూశాం. పిల్ల తన ఊరికి తిరిగొచ్చింది. పడవ కట్టేసింది. గూట్లో తల్లి ఫోటో పెట్టి, దాని ముందు చిన్న దీపం వెలిగించి, కళ్లు మూసుకుని చేతులు జోడించింది. కింద అక్షరాలు, మా అమ్మ పని అయిపోయినంక వస్తది అన్నాయి.

అక్క లేచి ఆ బొమ్మను అక్కడే ఆపింది. ఫోటోను వేలితో చూపించింది, దీపాన్ని చూపించింది, అక్షరాలను చూపించింది. ఫోటో ముందు దీపం ఏమిటో ఎవరికి తెలియదు? నేను డిస్కు పెట్టి వెనక్కి జరిపాను. పిల్ల దూరపు దీవి చేరుకునే చోట, ఒక ముసలి జాలరి ఆమె ఎదురుగా కూర్చుని ఉన్నాడు. మొన్నటి చలికాలం మీ అమ్మ చనిపోయింది, మీ దీవి కనపడే వైపు నేనే పూడ్చాను అని కింద ఇంగ్లిషులో ఉంది. బాపు కాగితంలో, మీ అమ్మ బాగానే ఉన్నది, పని అయిపోంగనే వస్తనన్నది అని ఉంది. నేను ఇంగ్లిషు మాటను తెలుగులో రాసి అక్కకు చూపించాను. బాపు వాకిట్లో కుర్చీ వేసుకుని ఉన్నాడు. పిలిస్తే లోపలికొచ్చి, ఆగిన బొమ్మను చూసి, పెద్దదాని మనసు నొయ్యొద్దని అట్ల రాసిన అన్నాడు. అదేదో కాగితం మీద ఇంకు పడినంత మామూలుగా అన్నాడు.

అక్క గట్టిగా అరుస్తుందనుకున్నాను. అరవలేదు. పలక తీసుకుని నెమ్మదిగా రాసింది. అమ్మ పోయిన మూడోరోజు బాపు హైదరాబాదు బడికి వచ్చాడు. అమ్మకు పానం బాగలేదు, ఇంటికి పోదం అని ఇదే చేతిరాతతో పలక మీద రాశాడు. అక్క బస్సులో అమ్మ కోసం కిటికీలోంచి రేగుపండ్లు కొన్నది. ఇంటి ముందు ఆడవాళ్లు గుంపుగా కూర్చుని ఉండటం చూశాకే ఆమెకు తెలిసింది. ఆ పండ్ల సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. బాపుకు తెలుసో లేదో.

అదంతా చెరిపేసి, అక్క ఒకే ప్రశ్న రాసింది. అమ్మ చివరికి ఏమన్నది?

నిన్ను అడిగింది బిడ్డా అన్నాడు బాపు. ఆ మాట నేను చిన్నప్పటి నుంచి విన్నదే, అక్క చదివిందే. అక్క తల అడ్డంగా ఊపింది. నా టైపింగు కాగితాలు లాగి, పెన్ను నా చేతిలో పెట్టి, నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుంది. బాపును ఎదురుగా నిలబడమంది. అన్నది అన్నట్టు అని రాసి చూపించింది.

బాపు నిలబడ్డాడు. తెలియకుండానే చేతులు ముందు కట్టుకున్నాడు, చర్చిలో లాగే. అప్పుడు ఆయన వయసు నాకు మొదటిసారి కనపడింది.

"పెద్దదాని బడి బంద్ పెట్టియ్యకు అన్నది," అన్నాడు.

నేను రాశాను. అక్క చదివి, ఊ కానివ్వు అన్నట్టు చెయ్యి ఆడించింది.

"ఏమైనా గాని మల్ల పంపుమన్నది. అక్కడి పెద్ద టీచరమ్మ గూడ పంపుమన్నది. పై తరగతులు ఉండె. లేవని నేనే చెప్పిన."

అది రాయడం మొదలుపెట్టాను. అక్క కాగితం మీదికి వంగి, నా చెయ్యి ఎక్కడుంటే అక్కడిదాకా చదువుతోంది. పూర్తయ్యాక తలెత్తి బాపు ముఖం చూసింది. ఎందుకు అని నోటితోనే అన్నది. ఆ మాట ఆమె గొంతులోంచి సగమే వచ్చింది గానీ ఇద్దరికీ అర్థమైంది.

"చిన్నది ఐదేండ్ల పిల్ల. దాన్ని సూసేటోళ్లు లేకుండిరి," అన్నాడు బాపు.

నా పెన్ను ఆగిపోయింది. చిన్నది అంటే నేనే. నా జడలు, నా అన్నం, నా జ్వరాలు, నా డిగ్రీ. ఆ ఒక్క వాక్యం రాయకుండా వదిలేసి, ఇంట్లో ఇబ్బందులుండె అని రాస్తే సరిపోతుందని నా బుర్రకు తోచింది. బాపు కూతుర్ని కదా. కానీ అక్క కళ్లు కాగితం మీద ఉన్నాయి. వేలితో రెండుసార్లు తట్టింది. ఏ మాట ఉంటే ఆ మాట రాశాను. చదివాక ఆమె నా వైపు చూస్తుందేమోనని నేను తలెత్తలేదు.

అక్క నా చేతిలోంచి పెన్ను తీసుకుంది. నేను రాసిన ఆఖరి వరస కిందనే, గుండ్రటి బడి అక్షరాలతో, తొందర లేకుండా రాసి, కాగితం బాపుకు అందించింది.

"అడిగితే నేనే ఉంటుంటి. నువ్వు అడగలే."

బాపు కళ్లజోడు కోసం జేబు తడుముకున్నాడు. పెట్టుకుని చదివాడు. మళ్లీ చదివాడు. మంచం అంచున కూర్చుని, నేల చూస్తూ ఏదో అన్నాడు. తల దించుకుని ఉన్నాడు గనక అక్కకు ఆయన పెదవులు కనపడలేదు. అక్క నా మోచెయ్యి తట్టింది.

అవును, అడగలే అన్నాడు. నేను అదీ రాసి చూపించాను.